ఒక్క స్టార్ ఎందుకు పడుతుంది? యాప్‌లో తికమకపడే మనిషికి సాయం చేసే దారి

"దుడ్లు కట్ అయినాయి, రూమ్ రాలా. ఫ్రాడ్ యాప్. ఎవరూ వేసుకోవద్దండి."

తిరుపతిలో లాడ్జి గదులకో, కొండకు వెళ్లే టాక్సీలకో యాప్ నడిపేవాళ్లకు ఇలాంటి రివ్యూ కొత్త కాదు. యజమాని అది చదివి బాధపడతాడు, మేం ఎవరి డబ్బూ తినలేదే అంటాడు. యాప్ రాసిన కుర్రాడు సర్వర్ లాగ్ తీసి చూస్తాడు. డబ్బు నాలుగు నిమిషాలు ఆలస్యంగా అందింది, గది కూడా బుక్ అయింది. "యూజర్‌కే అర్థం కాలేదు సార్" అని చెప్పి పక్కన పెట్టేస్తాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ నాలుగు నిమిషాలూ ఆ భక్తుడి ఫోన్ స్క్రీన్ మీద ఏం కనిపించిందో మాత్రం ఎవరూ చూడలేదు.

ఒక్క స్టార్లలో చాలావాటి వెనక ఉండేది జవాబు దొరకని ప్రశ్న. డబ్బు ఎక్కడికి పోయింది, ఇప్పుడు ఏం నొక్కాలి, ఎంతసేపు ఆగాలి? అడగడానికి యాప్‌లో చోటు లేకపోతే మనిషి ప్లే స్టోర్‌కు వెళ్తాడు. అక్కడ ప్రశ్న వేసే పెట్టె లేదు, స్టార్లే ఉన్నాయి. అందుకే రేటింగ్ బాగుపడాలంటే స్టార్ల కోసం బతిమాలడం కన్నా, మనిషి ఆగిపోయిన ఆ స్క్రీన్ మీదే జవాబు పెట్టడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకే స్టార్, వేరు వేరు కారణాలు

రివ్యూలు చదివేటప్పుడు ముందు వాటిని వేరుచేయాలి. యాప్ నిజంగా చెడిపోయిందా, సేవ బాగాలేదా, లేక మనిషి తికమకపడ్డాడా? స్టోర్‌లో మూడూ ఒకేలా కనిపిస్తాయి.

చెడిపోవడం అంటే యాప్ తెరిచిన వెంటనే మూసుకుపోవడం, నొక్కితే కదలకపోవడం. దీన్ని గూగులే కొలుస్తుంది. ఒక రోజులో యాప్ వాడినవాళ్లలో 1.09 శాతం మందికి మించి క్రాష్ ఎదురైనా, 0.47 శాతం మందికి మించి యాప్ స్పందించకుండా నిలిచిపోయినా, ప్లే స్టోర్‌లో ఆ యాప్ జనానికి కనిపించడం తగ్గొచ్చు. స్క్రీన్‌ను తాకాక 5 సెకన్ల పాటు ఉలుకూ పలుకూ లేకపోతే నిలిచిపోయినట్టు లెక్క. ఈ అంకెలు ప్లే కన్సోల్‌లో, అంటే యాప్ పెట్టినవాళ్ల కోసం గూగుల్ ఇచ్చే సైట్‌లో, ఆండ్రాయిడ్ వైటల్స్ అనే పేజీలో ఉంటాయి. ఇది కోడ్ రాసేవాళ్ల పని. గదిలో వేడినీళ్లు రాలేదు, డ్రైవర్ ఎక్కువ అడిగాడు అన్నవి లాడ్జివాళ్లూ ట్రావెల్స్‌వాళ్లూ సరిచేయాల్సినవి.

మూడో రకం పట్టుకోవడం కష్టం. ఎందుకంటే తికమకపడ్డవాళ్లు "నాకు అర్థం కాలేదు" అని రాయరు. "యాప్ పనిచేయదు" అని రాస్తారు. అది న్యాయం కూడా. చెప్పాల్సిన మాట చెప్పని యాప్ ఆ మనిషి దృష్టిలో పనిచేయనట్టే. లాడ్జి రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లు ఎదుటి మనిషి మొహం చూసి "ఏం కావాలన్నా?" అని అడుగుతారు. యాప్‌కు మొహం కనిపించదు కాబట్టి, ఎక్కడెక్కడ ఆ మొహం కంగారుపడుతుందో ముందే ఊహించి రాసి ఉంచాలి.

చిన్న యాప్‌కు ఈ దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో చూడండి. 20 మంది రేటింగ్ ఇచ్చి సగటు 4.5 ఉందనుకుందాం. ఒక రద్దీ వారంలో ఐదుగురు ఒక్కో స్టార్ ఇచ్చారంటే సగటు 3.8కి పడిపోతుంది. అది కూడా మామూలు సగటు లెక్కన. 2019 నుంచి గూగుల్ ప్లే కొత్త రేటింగులకు ఎక్కువ బరువు ఇస్తోంది కాబట్టి ప్లే స్టోర్‌లో కనిపించే అంకె ఇంకా కిందికి పోవచ్చు. 2021 నవంబరు నుంచి ఏ దేశం వాళ్లకు ఆ దేశం వాళ్ల రేటింగే చూపిస్తోంది. పాత మంచి పేరు చాలాకాలం కాపాడదు. కానీ ఇప్పుడు సరిదిద్దుకుంటే అంకె పైకి రావడం కూడా త్వరగానే జరుగుతుంది.

డబ్బు మధ్యలో ఆగినప్పుడు

తికమకల్లో మనిషిని ఎక్కువ భయపెట్టేది ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

యూపీఐలో డబ్బు కట్టినప్పుడు మీ బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీస్తుంది. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ వ్యవస్థ ద్వారా అది అవతలి బ్యాంకుకు చేరాలి. ఆ తర్వాత పేమెంట్ గేట్‌వే, అంటే యాప్ తరఫున డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ, యాప్ సర్వర్‌కు "డబ్బు వచ్చింది" అని కబురు పెట్టాలి. ఈ కబురు ఆలస్యమైతే, మీ ఫోన్‌లో బ్యాంకు ఎస్సెమ్మెస్ "కట్ అయింది" అంటుంది, యాప్ "పేమెంట్ ఫెయిల్డ్" అంటుంది. ఒకే ఫోన్‌లో రెండు మాటలు. మనిషి బ్యాంకు మాటే నమ్ముతాడు, యాప్ మోసం చేసిందనుకుంటాడు. కొందరు కంగారులో మళ్లీ కడతారు. అప్పుడు రెండు బుకింగులు, రెండింతల కోపం.

ఇక్కడ మొదటి తప్పు "ఫెయిల్డ్" అనే మాటను తొందరపడి చూపించడం. కబురు రాకపోవడం, విఫలం కావడం ఒకటి కాదు. సర్వర్ ఆ లావాదేవీ ఏమైందో గేట్‌వేను మళ్లీ మళ్లీ అడుగుతూ ఉండాలి. ఖాయంగా తెలిసేదాకా స్క్రీన్ మీద "ఇంకా తేలలేదు" అనే ఉండాలి.

రెండోది, జనానికి ఉన్న హక్కును చెప్పకపోవడం. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో ఖాతా నుంచి డబ్బు పోయి వ్యాపారికి నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోపు అది దానంతట అదే వెనక్కి రావాలి. ఒకరి నుంచి ఇంకొకరికి పంపిన డబ్బు అవతలివాళ్ల ఖాతాలో పడకపోతే ఆ గడువు ఒక్క రోజే. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం. ఈ సంగతి స్క్రీన్ మీద ఒక్క వాక్యంలో రాస్తే, డబ్బు మాయమైపోయిందన్న భయం తగ్గుతుంది.

నేనైతే ఆ స్క్రీన్ మీద ఇలా రాస్తాను: "మీ బ్యాంకు నుంచి రూ.1,200 వెళ్లి ఉండొచ్చు. మాకు ఇంకా చేరలేదు. దయచేసి మళ్లీ కట్టొద్దు. గదిని మీ పేరు మీద 30 నిమిషాలు ఆపి ఉంచాం. డబ్బు చేరగానే బుకింగ్ ఖాయమవుతుంది. చేరకపోతే 5 రోజుల్లోపు మీ ఖాతాకే తిరిగి వస్తుంది. మాతో మాట్లాడాలంటే ఇక్కడ నొక్కండి." దాని కింద ఆ లావాదేవీని గుర్తుపట్టే 12 అంకెల యూటీఆర్ నంబరు, పక్కన కాపీ బటన్.

గదిని ఆపి ఉంచడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెల్లవారుజామున మూడు గంటలకు ఆర్టీసీ బస్టాండులో పిల్లలతో, సామాన్లతో దిగిన కుటుంబానికి ఐదు రోజుల తర్వాత వచ్చే డబ్బు ఊరట కాదు. వాళ్లకు ఇప్పుడు స్నానానికి, కాసేపు నడుం వాల్చడానికి గది కావాలి. దర్శనం టికెట్ మీద సమయం ముద్రించి ఉంది. మంచి మాటలు రాస్తే చాలదు, రిసెప్షన్‌కు కూడా "ఈ పేరు మీద డబ్బు దారిలో ఉంది, గది ఇంకొకరికి ఇవ్వొద్దు" అని సందేశం వెళ్లాలి. ఆ ఏర్పాటు చేయకుండా స్క్రీన్ మీద ఎంత మర్యాదగా రాసినా ఉపయోగం లేదు.

ఈ ఊరికే ఉన్న చిక్కులు

బయటి ఊళ్లలో తయారైన యాప్ నమూనాను తెచ్చి తిరుపతిలో పెట్టేవాళ్లు ఒక విషయం మరచిపోతారు. శ్రీవారి దర్శనానికి వెళ్లేవాళ్లు సెల్‌ఫోన్‌ను డిపాజిట్ కౌంటర్‌లో ఇచ్చి క్యూలోకి వెళ్లాలి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎంతసేపు ఉంటామో ముందే చెప్పలేం. అంతసేపూ మీరు పంపిన నోటిఫికేషన్ ఎవరూ చూడరు. "15 నిమిషాల్లో ఓకే చెప్పకపోతే బుకింగ్ రద్దు" అన్న నియమం వేరే ఊళ్లో చెల్లుతుందేమో, ఇక్కడ అది అన్యాయం. దర్శనం చేసుకుని లడ్డూలతో బయటికొచ్చి, ఫోన్ తీసుకుని చూస్తే కారు రద్దయింది, పైగా రద్దు రుసుము పడింది. ఆ మనిషి ఇచ్చే స్టార్ ఎన్నో వేరే చెప్పాలా?

పరిష్కారం తేలికే. బుక్ చేసేటప్పుడే "మీరు దర్శనంలో ఉంటారా? ఫోన్ ఎన్ని గంటల వరకు అందుబాటులో ఉండదు?" అని అడగాలి. తోడుగా వచ్చి కిందే ఉండిపోయినవాళ్ల నంబరు ఇంకొకటి తీసుకోవాలి. డ్రైవర్‌కు కూడా "ఫోన్ ఎత్తకపోతే క్యూలో ఉన్నట్టు" అని కనిపించాలి.

ఇంకొకటి భాష. తమిళనాడు, కర్ణాటక నుంచి వచ్చే భక్తులు ఈ ఊరి యాప్‌లకు పెద్ద ఖాతాదారులు. భాష మార్చే బటన్‌ను సెట్టింగ్స్ లోపల, అదీ ఇంగ్లిష్ అక్షరాల వెనక దాచేస్తే, దాన్ని వెతకాల్సినవాళ్లకే అది దొరకదు. మొదటి స్క్రీన్ మీదే తెలుగు, తమిళం, కన్నడం, హిందీ ఆయా లిపుల్లో కనిపించాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కు వేరే భాష పెట్టుకునే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది, యాప్ దానికి తగ్గట్టు తయారై ఉంటే చాలు.

తెలుగు అక్షరాల విషయానికొస్తే, ఇంగ్లిష్ కోసం కొలిచిన ఎత్తులో మన రాత ఇమడదు. పైన గుడులు, కింద ఒత్తులు తెగిపోతాయి. పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుని ఉంటారు. అప్పుడు "ముందుకు" అన్న బటన్ స్క్రీన్ కిందికి జారిపోయి కనిపించకుండా పోతుంది. ఆ పెద్దాయన "ఏం నొక్కినా ముందుకు పోదు" అని రాస్తే అది అక్షరాలా నిజం. విడుదల చేసేముందు ఫోన్‌లో అక్షరాలను అన్నిటికన్నా పెద్ద సైజులో పెట్టి, తెలుగులో, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి బుక్ చేసి చూడండి.

పర్మిషన్, ఓటీపీ, పాల లెక్క

లొకేషన్ పర్మిషన్ అడిగినప్పుడు చాలామంది "వద్దు" అంటారు. మోసాల వార్తలు వింటున్న రోజుల్లో అది మంచి జాగ్రత్తే. కానీ ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక పర్మిషన్‌కు రెండుసార్లు వద్దంటే, యాప్ మూడోసారి అడిగినా ఫోన్ ఆ ప్రశ్నను చూపించదు. ఇది తెలియకుండా రాసిన యాప్‌లో "నా దగ్గర ఉన్న కారు" బటన్ నొక్కితే ఏమీ జరగదు. మనిషికి బటన్ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు "లొకేషన్ ఆపి ఉంది, ఇక్కడ నొక్కి సెట్టింగ్స్‌లో ఇవ్వొచ్చు, లేదా ఎక్కే చోటును మీరే ఎంచుకోండి" అని చెప్పి, అలిపిరి, రైల్వే స్టేషన్, విష్ణు నివాసం, శ్రీనివాసం, తిరుచానూరు అని పేర్లు చూపిస్తే సరిపోతుంది. ఇంకా మేలైన పని, ఎందుకు అడుగుతున్నారో ముందే ఒక్క మాటలో చెప్పడం.

ఓటీపీ కోసం మొత్తం ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ అడగాల్సిన అవసరమే లేదు. ఆ పర్మిషన్ లేకుండానే, తనకొచ్చిన ఒక్క సందేశాన్ని మాత్రం యాప్ అందుకునే ఏర్పాటు గూగుల్ ఇచ్చింది. అడిగి భయపెట్టడం దేనికి?

చిత్తూరు పల్లెల్లో చిక్కు ఇంకోలా ఉంటుంది. పాల కేంద్రంలో పాలు పోసే ఆమెకు పాల లెక్క చూపే యాప్‌లో ఉన్న ఖాతా, బెంగళూరులో పనిచేసే కొడుకు నంబరుకు ముడిపడి ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది, అతను డ్యూటీలో ఉంటాడు, ఇక్కడ గడువు అయిపోతుంది. ఇంట్లో ఇద్దరి ఫోన్‌లలో తెరుచుకునే వీలు, పాల కేంద్రంలోనే పాస్‌బుక్ చూపించి నంబరు మార్చుకునే వీలు ఉండాలి. ఇక పొద్దున పోసిన పాల లెక్క సాయంత్రం దాకా యాప్‌లో కనిపించకపోతే, ఫ్యాట్ తక్కువ వేశారేమో, లీటర్లు మింగేశారేమో అన్న అనుమానం పుడుతుంది. ఆ ఖాళీ గడిలో "ఈ పూట లెక్క సాయంత్రం ఆరుకు వస్తుంది" అని రాసి ఉంటే అనుమానానికి చోటుండదు. ఏ యాప్‌లోనైనా ఖాళీగా కనిపించే స్క్రీన్ అంత ప్రమాదకరమైనది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. చూసేవాళ్లు ఆ ఖాళీని తమ భయంతో నింపుకుంటారు.

సాయం బటన్ ఎక్కడ ఉండాలి

చిక్కు వచ్చిన స్క్రీన్ మీదే ఉండాలి. మూల ఉన్న మూడు గీతలు నొక్కి, అందులో "మా గురించి", దాని కింద "సంప్రదించండి" దాకా వెళ్లే ఓపిక కంగారులో ఎవరికీ ఉండదు. బటన్ నొక్కగానే బుకింగ్ నంబరు, ఏ స్క్రీన్ దగ్గర ఆగారో ఆ వివరం దానంతట అదే అవతలివాళ్లకు చేరాలి. మొదటి నుంచి మళ్లీ చెప్పించుకోవడం ఎదుటి మనిషిని ఇంకోసారి బాధపెట్టడమే.

ఫోన్ ఎత్తే మనిషి ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఇరవై నాలుగు గంటలూ వీలుకాకపోతే ఏ వేళల్లో ఉంటారో నిజం రాయండి. "అన్నా, కంగారుపడొద్దు, మీ డబ్బు నాకు కనిపిస్తా ఉంది" అన్న ఒక్క మాటకు ఉండే బలం చాట్‌బాట్ పంపే పది సందేశాలకు లేదు. ఫోన్ ఎత్తేవాళ్లకు గదిని ఆపే అధికారం, డబ్బు వెనక్కి పంపే అధికారం కొంతైనా ఇవ్వాలి. చేతిలో ఏమీ లేని మనిషిని కూర్చోబెడితే "పైవాళ్లకు చెబుతాం" అనడం తప్ప ఏం చేయగలడు?

రేటింగ్ కన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. యాప్‌లో నంబరు దొరకని మనిషి ఇంటర్నెట్‌లో "కస్టమర్ కేర్ నంబర్" అని వెతుకుతాడు. అక్కడ దొంగ నంబర్లు పెట్టి కాచుకుని కూర్చున్నవాళ్లున్నారు. రీఫండ్ ఇస్తామని చెప్పి యూపీఐ పిన్ కొట్టిస్తారు, ఫోన్‌ను దూరం నుంచి నడిపే యాప్ వేయిస్తారు. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని లేదని కంగారులో ఉన్నవాళ్లకు తోచదు. రూ.1,200 కోసం మొదలైన వెతుకులాటలో ఖాతా ఖాళీ కావొచ్చు. అలా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అసలు అక్కడిదాకా రాకుండా చూడటం యాప్ నడిపేవాళ్ల బాధ్యత. డబ్బుతో ముడిపడ్డ ప్రతి స్క్రీన్ మీదా మీ అసలు నంబరు ఉంచండి, "మేం ఎప్పుడూ పిన్ అడగం" అని రాయండి.

స్టార్లు అడిగే వేళ, జవాబు ఇచ్చే తీరు

యాప్ తెరవగానే "మాకు 5 స్టార్లు ఇవ్వండి" అని అడ్డం పడటం మంచిది కాదు. గదిలో చేరాకో, ప్రయాణం ముగిశాకో అడగాలి. గూగుల్ 2020 ఆగస్టులో యాప్ లోపలే రేటింగ్ ఇచ్చే ఏర్పాటు తెచ్చింది. దానికి నియమాలున్నాయి. రేటింగ్ పెట్టె చూపించేముందు "యాప్ నచ్చిందా?" అని అడిగి, నచ్చిందన్నవాళ్లనే స్టోర్‌కు పంపడం కుదరదు. 5 స్టార్లకు క్యాష్‌బ్యాక్ ఇవ్వడం ప్లే స్టోర్ నిబంధనలకు విరుద్ధం. ఆపిల్ ఫోన్లలో ఒక యాప్ ఏడాదిలో మూడుసార్లకు మించి ఈ పెట్టె చూపించలేదు. డబ్బిచ్చి రివ్యూలు రాయించుకోవడం గురించి చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్ రివ్యూల నిజాయతీ కోసం 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్, ‘ఐఎస్ 19000’ అనే ప్రమాణమే తెచ్చింది.

ఇన్ని చేసినా కొన్ని ఒక్క స్టార్లు పడతాయి. వాటికి జవాబివ్వొచ్చు. ప్లే స్టోర్‌లో జవాబుకు 350 అక్షరాల హద్దు ఉంది కాబట్టి మర్యాద మాటలతోనే అది నింపేయకండి. "ప్రియమైన కస్టమర్, అసౌకర్యానికి చింతిస్తున్నాం, మెయిల్ చేయండి" అని అందరి కిందా ఒకే ముక్క అతికిస్తే, చదివే కొత్తవాళ్లకు కూడా ఇక్కడ వినేవాళ్లెవరూ లేరని తెలిసిపోతుంది. రివ్యూ పక్కన కన్సోల్‌లో ఫోన్ మోడల్, యాప్ వెర్షన్ కనిపిస్తాయి, వాటిని చూసి రాయండి. "డబ్బు కట్టాక కబురు ఆలస్యమై ఫెయిల్డ్ అని చూపింది, తప్పు మాదే. కొత్త వెర్షన్‌లో సరిచేశాం. మీ డబ్బు సంగతి తేల్చడానికి యాప్‌లో బుకింగ్ పక్కనున్న సాయం బటన్ నొక్కండి, యూటీఆర్ చూసి చెబుతాం." తమిళంలో రాసినవాళ్లకు తమిళంలోనే ఇవ్వండి. ఫోన్ నంబరు, బుకింగ్ వివరాలు అక్కడ రాయమని మాత్రం అడగొద్దు, అది అందరూ చూసే చోటు.

జవాబిచ్చినట్టు రాసినవాళ్లకు కబురు వెళ్తుంది. వాళ్లు కావాలంటే రివ్యూ మార్చుకోవచ్చు, స్టార్లు పెంచుకోవచ్చు. పెంచమని అడగకండి. గది దొరికిందా, డబ్బు చేరిందా అని అడగండి. చేరిందన్న మాట వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఆ ఫిర్యాదును మీ జాబితాలోంచి తీసేయకండి.